తూటాకు ఆగని దరువు

1997 ఏప్రిల్ 6. సికింద్రాబాద్ అల్వాల్, వెంకటాపురం. ఇంటికొచ్చిన ఆగంతకులు తుపాకులు పేల్చారు. గద్దర్ కుప్పకూలారు. వెన్నెముక దగ్గర దిగిన తూటా ఒకటి తీయకుండానే ఉండిపోయింది. దాన్ని మోస్తూనే ఆయన మరో 26 ఏళ్లు పాడారు, ఆడారు.

పాటగాడిని చూసి అంత భయమెందుకు? జవాబు కోసం 1970ల తొలినాళ్లకు వెళ్లాలి. తూప్రాన్‌లో పుట్టిన గద్దర్, అసలు పేరు గుమ్మడి విఠల్, అప్పటికి బుర్రకథలు చెప్పే కుర్రాడు. బి.నర్సింగరావు ఆర్ట్ లవర్స్ అసోసియేషన్‌తో పరిచయమయ్యాక కథ వీధి బతుకుల మీదికి మళ్లింది. 1971లో రిక్షావాడి మీద పాట కట్టాడు. మరుసటి ఏడాదే జననాట్యమండలి అనే కళాబృందం పుట్టింది.

ఆ ప్రదర్శనలను ఊహించుకోండి. ముందు చిన్న మంట. మేకతోలు బిగుసుకునేదాకా డప్పుకు సెగ చూపిస్తారు. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. తొలి దెబ్బకే వాడకట్టు తలుపులు తెరుచుకుంటాయి. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. గద్దర్ అడుగు ఆ దరువు మీదే పడుతుంది. చావుకో దరువు, పెళ్లికో దరువు, లష్కర్ బోనాలకు మరో దరువు. అన్నీ జనానికి ముందే తెలుసు, కొత్తది మాట ఒక్కటే. ఊరికి ఏ కార్యమొచ్చినా ఈ డప్పే కావాలి, వాయించే మాదిగ మాత్రం ఊరి బయటే ఉండాలి. మన సినిమా సంగీత చరిత్రలు ఈ సంగతి దగ్గర ఎందుకో నోరు మెదపవు.

బ్రెజిల్‌లోనూ ఇదే తంతు. అక్కడ బానిసత్వం 1888లో పోయినా, నల్లవాళ్ల సాంబా సంగీతం మీద పోలీసుల కన్ను పోలేదు. 1908లో సాంబా కళాకారుడు జోఆవ్ ద బయానా దగ్గరున్న పందేరోను, అంటే మన కంజీర వంటి వాద్యాన్ని, లాక్కున్నారు. పిన్యేరో మషాదో అనే సెనేటర్ తన పేరు చెక్కించి కొత్తది ఇప్పించాడు, ఇక ఎవరూ ముట్టకుండా! 1917లో 'పెలో టెలిఫోన్' అనే సాంబా రికార్డు రియోను ఊపేసింది. 1930లలో వర్గాస్ ప్రభుత్వం అదే సాంబాను జాతి సంగీతమని నెత్తిన పెట్టుకుంది. 1958లో జోఆవ్ జిల్బెర్తో గిటారు మీద పలికించిన బోసా నోవా సంగీతానికీ ఆ దరువే పునాది.

డప్పుకు సెనేటర్ దొరకలేదు. సినిమా దొరికింది. నర్సింగరావు నిర్మించిన 'మా భూమి'లో గద్దర్ తెరమీదికొచ్చి యాదగిరి అనే కవి రాసిన పాట పాడారు. 1995 నాటి 'ఒరేయ్ రిక్షా'లో చెల్లెలి పాటకు నంది అవార్డు ప్రకటిస్తే వద్దన్నారు. 2011లో 'జై బోలో తెలంగాణ'లోనూ పాడారు. ఇప్పుడైతే జానపద దరువు లేని పెద్ద సినిమా వెతికినా దొరకడం కష్టమే.

2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో అల్వాల్‌లోనే ఖననం చేశారు. నందుల స్థానంలో తెలంగాణ ప్రభుత్వం కొత్త సినిమా అవార్డులు పెట్టి, 2025 జూన్‌లో తొలిసారి ప్రదానం చేసింది. అవి గద్దర్ పేరిట ఇచ్చినవే.