అనంతపురం ఫుట్‌బాల్: వాడ పిల్లలకు నేల ఎక్కడ?

కర్నూలు, కడప జిల్లాలకు పొరుగునే ఉన్న అనంతపురంలో ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును జనం ఆర్‌డీటీ అంటారు. దళిత, ఆదివాసీ పల్లెల్లో ఇళ్లు, బడులు, ఆసుపత్రులు కట్టిన ఈ సంస్థ ఆటల్లోకీ వచ్చింది. అనంతపురం స్పోర్ట్స్ అకాడమీ దానిదే. స్పెయిన్‌లోని లా లిగా ఫౌండేషన్ తోడ్పాటుతో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పారు. ఇక్కడి అమ్మాయిలు స్పెయిన్ వెళ్లి ఆడి వచ్చారు.

దీన్ని దాతల కథగా చదవడం మాకు ఇష్టం లేదు. ఫుట్‌బాల్‌కు బ్యాట్లూ ప్యాడ్లూ అక్కర్లేదు, ఒక్క బంతి చాలు. కావలసిందల్లా నేల. సీమ పల్లెల్లో ఆ నేల బడిదో, పంచాయతీదో, ఎండిన చెరువుదో అయి ఉంటుంది. అక్కడ వాడ పిల్లలు ఆడాలంటే ఎవరిని అడగాలి? ఎవరినీ అడగక్కర్లేదు. చెరువులు, రోడ్లు, జనం కూడే చోట్ల వాడకంలో కులం పేరిట అడ్డు పెట్టకూడదని రాజ్యాంగం 15(2) అధికరణం చెబుతోంది. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం ఉమ్మడి వనరులు వాడుకోనివ్వకపోవడాన్ని నేరంగా చూస్తుంది. అమ్మాయిలకైతే కులంతో పాటు ఇంటి పనీ అడ్డే. నీళ్లు పట్టే వేళా, ఆడుకునే వేళా సాయంత్రమే మరి.

కడపలో క్రీడా పాఠశాల ఉంది. అందులో సీటు ఎంపిక పరీక్షల్లో నెగ్గినవారికే. ఆ పరీక్షకు ముందు పరుగెత్తడానికి చోటుండాలి కదా! అందుకే విద్యార్థి సంఘాలు ముందు పంచాయతీలో ఆటస్థలం సర్వే నంబరు అడగాలి, ఆ నేల ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో వెళ్లి చూడాలి.