ఆరేళ్ల పిల్ల, పదమూడేళ్ల పిల్లాడు ఒకే గదిలో: ఇంటి దగ్గర చదివే పిల్లలకు ఉమ్మడి తరగతులు ఎలా నడుస్తాయి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఝపటాపూర్ ఒక పేట. ఈ పట్టణంలో పెరిగే పిల్లల చెవిన రోజూ నాలుగైదు భాషలు పడతాయి: బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా, బడిలో ఇంగ్లిష్. ఇలాంటి చోట ఒక తెలుగు కుటుంబం తన బిడ్డను బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివించాలనుకుంటే, అసలు ప్రశ్న పుస్తకాల గురించి కాదు. పుస్తకాలు దొరుకుతాయి. ఆ బిడ్డ ఎవరితో కలిసి చదవాలన్నదే చిక్కు.

హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో హోమ్‌స్కూలింగ్ చేసే కుటుంబాలు వెతుక్కుంటే ఒకే ఈడు పిల్లలు నలుగురైదుగురు కుదరవచ్చు. చిన్న పట్టణంలో, అందులోనూ ఒక్క భాషవారిలో, అంత వీలుండదు. ఆరేళ్ల పిల్ల ఒకతె, తొమ్మిదేళ్లవాళ్లు ఇద్దరు, పదమూడేళ్ల పిల్లాడొకడు, అంతే. వాళ్లందర్నీ వారానికి రెండు మూడు పూటలు ఒకచోట కూర్చోబెట్టి, ఇంట్లో ఒంటరిగా సాగని చదువు సాగించడమే ఉమ్మడి తరగతి. నాటకం, ప్రయోగాలు, కథ చెప్పడం, చర్చ, బృందగానం, కొలతల లెక్కలు ఇందులోకి వస్తాయి. ఇది ట్యూషన్ కాదు, బడికి మారురూపమూ కాదు. ఈ రెండో తేడా చట్టం దృష్టిలోనూ ముఖ్యమైనదే.

రైలు తెచ్చిన తెలుగు

ఖరగ్‌పూర్‌కు తెలుగు వచ్చింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో. 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడ జంక్షన్, రైల్వే వర్క్‌షాపు ఎదిగినప్పుడు ఉత్తరాంధ్ర నుంచి కార్మికులు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడ్డారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1920లలో ఈ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించారు. 1927 నాటి ఖరగ్‌పూర్ సమ్మె ఆయన రాజకీయ జీవితంలో ఒక మలుపు. ఆ తరం వలస కుటుంబాల మునిమనవలు ఇప్పుడు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో బెంగాలీ మాట్లాడుతూ పెరుగుతున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపింది. అంతకు చాలా ముందే, 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాష్ట్రాలకు చెప్పింది.

హోదా వచ్చినంత మాత్రాన పిల్లకు చదవడం రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో ఆ లిపి చదవలేనివాళ్లు ప్రవాసంలో ఎక్కడైనా కనిపిస్తారు. అమెరికాలో సిలికానాంధ్ర సంస్థ 2007లో మనబడి మొదలుపెట్టింది ఈ లోటు చూసే. వారాంతపు తరగతుల్లో పిల్లలను వాళ్ల స్థాయిని బట్టి కూర్చోబెట్టే పద్ధతి అది. ఝపటాపూర్ లాంటి పేటలో ఉమ్మడి తరగతి పెడితే, లెక్కలూ సైన్సూ ఎలా ఉన్నా, తెలుగు చదవడం రాయడం ఒక్కటే ఆ పూటకు సరిపడా పని.

చట్టం ఏమంటోంది?

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని దాని పదో సెక్షన్ చెబుతుంది. అయితే చేర్పించని తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్ష ఏదీ లేదు. హోమ్‌స్కూలింగ్‌ను అది పేరు పెట్టి అనుమతించలేదు, నిషేధించనూ లేదు. ఇంటి దగ్గరి చదువు అనే మాట అందులోకి వచ్చింది 2012 సవరణతో, అదీ బహుళ వైకల్యం లేదా తీవ్ర వైకల్యం ఉన్న పిల్లల విషయంలో మాత్రమే. వాళ్లు ఇంటి దగ్గరే చదువుకోవడాన్ని ఎంచుకోవచ్చు.

మిగతావాళ్ల సంగతిలో ప్రభుత్వమే ఒక మాట మీద నిలబడలేదు. ఢిల్లీ హైకోర్టులో ఇంటి దగ్గర చదువుతున్న ఒక బాలిక తరఫున వేసిన పిటిషన్ విచారణలో, కోరుకున్న తల్లిదండ్రులు హోమ్‌స్కూలింగ్ కొనసాగించుకోవచ్చని కేంద్రం 2012లో మొదట చెప్పి, తర్వాత ఆ వైఖరి మార్చుకుంది.

ఉమ్మడి తరగతి నడిపేవాళ్లకు అసలు చిక్కు 18వ సెక్షన్‌తో. గుర్తింపు లేకుండా బడి నడపకూడదని అది అంటుంది. నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు 10,000 రూపాయల చొప్పున మరింత. నలుగురు పిల్లలు వారానికి రెండు సాయంత్రాలు ఒక ఇంట్లో చేరి నాటకం వేసుకోవడం బడి కాదు. అదే ఇల్లు సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున తొమ్మిదికి తెరిచి, హాజరు పట్టీ పెట్టి, తరగతుల పేర్లు తగిలించి, నెల ఫీజు వసూలు చేస్తే, బోర్డు మీద ఏ పేరు రాసినా అధికారుల కంటికి అది బడే. చదువు బాధ్యత ఇంటి దగ్గరే ఉండాలి, ఉమ్మడి తరగతి దానికి చేర్పుగా ఉండాలి. మంచి ఉద్దేశంతో మొదలైన బృందాలు ఈ గీత దాటేది సాధారణంగా పిల్లలు పెరిగి, అద్దె గది తీసుకున్నప్పుడే.

కొత్తదేమీ కాదు

ఒకే ఈడు పిల్లలను ఒక గదిలో వేయడమే చదువుకు సహజమైన తీరు అనిపిస్తుంది గానీ, అది ఈమధ్య వచ్చిన అలవాటు. తెలుగు నేల మీద వీధి బడిలో అన్ని వయసులవాళ్లూ కలిసే కూర్చునేవారు. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో అప్పటి తెలుగు, కన్నడ బడుల బొమ్మ దొరుకుతుంది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి.

పై స్థాయి పిల్లలు కింది స్థాయివాళ్లకు చెప్పడం, చెప్పే క్రమంలో తమకు వచ్చింది గట్టిపరచుకోవడం చూసి క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండ్ ఈ పద్ధతిని అనుకరించడం సబబేనన్నాడు. అక్కడికి దాన్ని తీసుకెళ్లినవాడు ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మోరులోని అనాథ బాలుర ఆశ్రమంలో చేసిన ప్రయోగాన్ని అతను 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చువేశాడు. అదే ‘మద్రాసు పద్ధతి’గా పేరుకెక్కింది.

వీధి బడిని ఆకాశానికి ఎత్తాల్సిన పని లేదు. వాడుక మాటకు దూరంగా ఉన్న పద్యాలను పిల్లలు అర్థం తెలియకుండా చిలకల్లా వల్లించేవారని అదే నివేదికలో ఉంది. వయసులు కలిపినంత మాత్రాన చదువు బాగుపడదు, ఎలా కలిపారన్నది చూడాలి.

ఆ ‘ఎలా’కు మన దగ్గరే ఒక గట్టి జవాబు ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ పల్లె బడుల కోసం రూపొందించిన పద్ధతి అది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఆ కార్డులను ఒక నిచ్చెన మెట్లలా అమర్చారు. ప్రతి పిల్లా తాను ఏ మెట్టు మీద ఉందో తానే చూసుకుని తన కార్డు తీసుకుంటుంది. కొందరు టీచర్ పక్కన, కొందరు తోటివాళ్లతో, కొందరు ఒంటరిగా పని చేస్తారు. నాలుగు రోజులు రాకపోయినా పిల్ల వెనకబడినట్టు కాదు, ఆగిన మెట్టు నుంచే మళ్లీ మొదలు. కర్ణాటకలో 1995లో హెగ్గడదేవనకోట నుంచి మొదలైన నలి కలి, ఆ తర్వాత తమిళనాడులో చెన్నై నగరపాలక బడుల నుంచి విస్తరించిన కృత్యాధార బోధన దీని నుంచే స్ఫూర్తి పొందాయి.

బెంగాల్‌కూ ఈమధ్యే ఒక అనుభవం ఉంది. కోవిడ్ కాలంలో బడులు దీర్ఘకాలం మూతపడ్డాక, 2022 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ‘పాడాయ్ శిక్షాలయ్’ పేరుతో ఏడో తరగతి దాకా పిల్లలకు వాడల్లోనే ఆరుబయట పాఠాలు మొదలుపెట్టింది. ‘పాడా’ అంటే మన ‘వాడ’. అది కొద్ది రోజులే నడిచింది. అయినా తరగతికి నాలుగు గోడలు తప్పనిసరి కాదని అక్కడి తల్లిదండ్రులు కళ్లారా చూశారు.

ఒకే వస్తువు, మూడు పాఠాలు

వేర్వేరు వయసుల తరగతిలో కొత్త టీచర్లు చేసే పొరపాటు ఒకటే: ముగ్గురికి మూడు పాఠాలు సిద్ధం చేసుకోవడం. పది నిమిషాలు ఒకరికి, పది నిమిషాలు ఇంకొకరికి చెబుతూ పోతే మిగతావాళ్లు ఖాళీగా కూర్చుంటారు. తలకిందులుగా చేయాలి. వస్తువు ఒకటే ఉండాలి, దాని మీద పిల్లలు చేసే పని మారాలి.

ఖరగ్‌పూర్‌లో అలాంటి వస్తువు ఇంటి పక్కనే ఉంది. ఇక్కడి రైల్వే ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేదాకా ప్రపంచంలో అతి పొడవైనదిగా చెప్పుకునేవారు. ఆ తర్వాత 1,507 మీటర్లతో హుబ్బళ్లి ముందుకొచ్చింది. ఆరేళ్ల పిల్ల ఇంటి వరండాను తన అంగలతో కొలుస్తుంది. అంగ అరమీటరైతే ఆ ప్లాట్‌ఫాం 2,145 అంగలని తొమ్మిదేళ్లవాడు లెక్కగడతాడు. 400 మీటర్ల రైలు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ప్లాట్‌ఫాంను పూర్తిగా దాటడానికి ఎంత సేపు పడుతుందో పదమూడేళ్లవాడు తేల్చాలి. సెకనుకు 10 మీటర్లు, రైలు పొడవు కూడా కలిపితే 1,472.5 మీటర్లు, అంటే 147 సెకన్ల పైచిలుకు. రైలు పొడవును ఎందుకు కలపాలో వాడు చిన్నవాళ్లకు చెప్పి ఒప్పించాలి. అక్కడే వాడికి ఆ లెక్క నిజంగా వచ్చిందో లేదో తెలిసిపోతుంది.

భాషకూ ఇదే దారి. దుకాణాల బోర్డుల మీద బెంగాలీ, నాగరి, రోమన్ లిపులు కనిపిస్తాయి. చిన్నవాళ్లు ‘క’ ఏ లిపిలో ఎలా ఉందో ఏరుకుంటారు, పెద్దవాళ్లు ఆ బోర్డును తెలుగులో రాస్తారు. బామ్మ చెప్పిన కథను చిన్నది నోటితో మళ్లీ చెబితే, నడిమివాడు కాగితం మీద పెడతాడు, పెద్దవాడు వాక్యాలు సరిచేస్తాడు. ఉత్తరాంధ్ర యాసలో వచ్చిన మాటను కొట్టేయనక్కర్లేదు. పుస్తకంలో ఆ మాటకు ఏం వాడతారో పక్కన రాసుకుంటే రెండూ మిగులుతాయి.

రెండు గంటల పూటలో ఇలాంటి ఉమ్మడి పని గంట కంటే ఎక్కువ సాగదు. ఒక అరగంట ఎవరి మెట్టు మీద వాళ్ల పని. మిగిలిన అరగంట ఆట. ఆటను కోసి పాఠం పెంచే పెద్దలు తప్పకుండా ఉంటారు. పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంటోందనే కదా ఇక్కడికి తెచ్చింది.

నష్టపోయేది ఎవరు?

ఈ తరగతుల్లో చిన్నవాళ్లకు లాభం వెంటనే కనిపిస్తుంది. నష్టం జరిగితే అది పెద్దవాళ్లకే. చెప్పడం వల్ల నేర్చుకుంటారన్న మాట నిజమే గానీ, ఎప్పుడూ చెబుతూనే ఉంటే కొత్తది నేర్చుకునే వేళ పోతుంది. అందులోనూ ఆడపిల్ల. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకునే పన్నెండేళ్ల పిల్లకే ఇక్కడా చిన్నవాళ్లను చూసుకునే పని పడుతుంది, అదే వయసు మగపిల్లాడు ప్రయోగం చేస్తుంటాడు. ఎవరు ఎన్ని పూటలు సాయం చేశారో గోడ మీద ఒక పట్టిక పెడితే చాలు, ఈ వంకర పది రోజుల్లో బయటపడుతుంది. పెద్దవాళ్లకు చిన్నవాళ్లు లేని పూట వారానికి ఒకటైనా ఉండాలి.

పిల్లల భద్రత గురించి మొహమాటం పనికిరాదు. పాఠం చెప్పేది బంధువైనా, పొరుగువారైనా, తలుపు తీసి ఉన్న గదిలో, రెండో పెద్ద మనిషి ఇంట్లో ఉన్నప్పుడే తరగతి జరగాలి.

పరీక్షల వేళ

ఇంటి దగ్గర చదివే పిల్లలకు సర్టిఫికెట్ ఇచ్చే ప్రధాన దారి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్. 6 నుంచి 14 ఏళ్లవారికి ఎ, బి, సి స్థాయిలున్నాయి. అవి మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. పదో తరగతిని తెలుగు మాధ్యమంలో రాయవచ్చు, తెలుగును ఒక సబ్జెక్టుగానూ తీసుకోవచ్చు. కనీసం ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. వాటిని ఒకేసారి రాయనక్కర్లేదు, నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి.

ఐఐటీ ఉన్న ఊరు కనుక తల్లిదండ్రుల ప్రశ్న ఎటు తిరిగినా అక్కడికే వస్తుంది. ఎన్‌ఐఓఎస్ నుంచి ఐదు సబ్జెక్టులతో సీనియర్ సెకండరీ పాసైనవారు జేఈఈ రాయవచ్చు. ఏ సర్టిఫికెట్టూ లేకపోతే సంగతి వేరు. ఇంటి దగ్గర చదివి ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచిన ముంబయి విద్యార్థినికి 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటొచ్చింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేనందున ఐఐటీ దారి మాత్రం ఆమెకు తెరుచుకోలేదు.

అందుకని ఉమ్మడి తరగతిలో పన్నెండు దాటిన పిల్లలుంటే, వాళ్ల పుట్టినతేదీలు ముందే రాసి పెట్టుకోవాలి. పదో తరగతి నమోదుకు, ఏ విడత పరీక్షలకు వెళ్తున్నారన్నదాన్ని బట్టి, జనవరి 31 లేదా జూలై 31 నాటికి 14 ఏళ్లు నిండి ఉండాలి.