నడిసముద్రంలో వడ్డన



పండగపూట పొయ్యిమీద బూరెల మూకుడు కాగుతూ వుండగా గ్యాసు అయిపోయిందనుకోండి. ఏం చేస్తాం? పక్కింటి వదినగారి తలుపు తడతాం. వాళ్ళింట్లో రెండో సిలిండరు వుంటే తెచ్చుకుంటాం. లేకపోతే కరెంటు పొయ్యి బయటికి తీస్తాం. ఎలాగో ఆ పూట గడుస్తుంది. మరి ఎటు చూసినా నీళ్ళు తప్ప ఒడ్డన్నది కనబడని చోట, వందలాది మనుషులున్న యుద్ధనౌకలో చమురు అయిపోవచ్చిందనుకోండి. అక్కడ పక్కిల్లు ఎక్కడుంది?

యుద్ధాల గొడవ మనకెందుకని అనుకోకండి. ఇందులో ఫిరంగుల కంటె వంటింటి సంగతులే ఎక్కువ. యుద్ధనౌక అనగానే ఫిరంగులు, విమానాలు, తెల్లటి దుస్తుల్లో వరసగా నిలబడ్డ నావికులు మన కళ్ళకు కడతారు. పత్రికల్లో వేసే ఫోటోలు కూడా అవే. ఆ ఫోటోలో పడకుండా, వెనకాల ఎక్కడో, లావుపాటి ఓడ ఒకటి నడుస్తూ వుంటుంది. చమురు, మంచినీళ్ళు, బియ్యం, కూరలు, మందులు, ఇంటినుంచి వచ్చిన ఉత్తరాలు, ఆఖరికి ఫిరంగి గుండ్లు కూడా ఇలాంటి ఓడలే మోసుకొస్తాయి. అవి ఎంతదూరం రాగలవో యుద్ధనౌకలు అంతదూరమే పోగలవు. ఈవేళ వాటి కథ చెప్పుకుందాం.

తెరచాపల రోజుల్లో ఈ బెడద లేదు. గాలికి ఎవరూ బిల్లు వెయ్యరు గదా! తిండీ మంచినీళ్ళూ వుంటే నెలల తరబడి సముద్రం మీదే వుండేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆవిరి యంత్రాలు వచ్చాక ఓడలకు బొగ్గు కావలసి వచ్చింది. బొగ్గు చూడబోతే ఇట్టే మండిపోతుంది, చోటేమో బోలెడు తింటుంది. ఏడెన్, కొలంబో, సింగపూర్ రేవుల్లో బ్రిటిషువాళ్ళు బొగ్గు గుట్టలు పోసి పెట్టుకున్నది అందుకే. అటువంటి రేవులు లేనివాడి గతి ఏమిటో 1904లో రష్యాకి తెలిసివచ్చింది.

ఆ యేడు రష్యాకి జపానుతో యుద్ధం వచ్చింది. జారు చక్రవర్తి తన బాల్టిక్ సముద్రపు నౌకాదళాన్ని భూగోళం ఆ కొసనుంచి ఈ కొసకు పంపించాడు. సుమారు 18 వేల మైళ్ళ ప్రయాణం. దారి పొడుగునా రష్యాకి సొంత రేవు ఒక్కటి లేదు. బ్రిటన్ జపానుకు స్నేహితురాలు, బొగ్గు ఇవ్వదు. ఫ్రాన్సు రష్యాకి స్నేహితురాలే గాని, నలుగురూ ఏమనుకుంటారోనని మొహమాటపడింది. చివరికి హాంబుర్గ్-అమెరికా లైన్ అనే జర్మను ఓడల కంపెనీ బొగ్గు ఓడలు పంపటానికి ఒప్పుకుంది. దళపతి అడ్మిరల్ రొజెస్ట్‌వెన్‌స్కీకి నిద్రలో కూడా బొగ్గే. మళ్ళీ దొరుకుతుందో లేదోనని దొరికినచోటల్లా పట్టవలసిన దానికి రెట్టింపు ఎక్కించేవాడు. బొగ్గుకొట్లు నిండిపోయాక డెక్కు మీద, నడవాల్లో, మనుషులు పడుకునే చోట్ల కూడా బస్తాలే. ఆఫ్రికా పడమటి తీరాన డకార్ రేవులో మండే ఎండలో నావికులు పొడి లోపలికి పోకుండా నోట్లో నూలుపీచు కరుచుకుని బస్తాలు మోశారు. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని విసనకర్ర విసిరిన మన అమ్మమ్మలకైతే ఆ మసి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

హిందూ మహాసముద్రం దాటేటప్పుడైతే నడిసముద్రంలో ఓడలన్నీ ఆపేసి, బొగ్గు ఓడలనుంచి చిన్న పడవల్లోకి బస్తాలు దింపి, అక్కణ్ణుంచి మళ్ళీ యుద్ధనౌకల్లోకి తోడుకున్నారు. ఇలా ఏడు నెలలు ఈడ్చి ఈడ్చి 1905 మే 27న జపాను దగ్గర త్సుషిమా జలసంధికి చేరారు. అప్పటికి మనుషులు సొమ్మసిల్లి వున్నారు, ఓడలు బరువుకి నీళ్ళలో లోతుగా దిగి వున్నాయి. రెండు రోజుల్లో ఆ దళం చాలావరకు మునిగిపోవటమో పట్టుబడటమో జరిగింది. ఆ ఓటమికి ఇంకా కారణాలున్నాయి, కాదనను. కాని పొయ్యిలోకి కట్టెలు వెతుక్కోవటంతోనే సగం ప్రాణం పోయినవాడు యుద్ధమేం చేస్తాడు?

తరవాత ఓడల్లోకి బొగ్గు బదులు చమురు వచ్చింది. చమురులో వున్న సుగుణం ఏమిటంటే అది పారుతుంది. బస్తాలు మొయ్యక్కర్లేదు, గొట్టం వేస్తే చాలు. అయితే కదిలిపోతూ, పైకీ కిందికీ ఊగే రెండు ఓడల మధ్య గొట్టం వెయ్యటం ఎలాగ? ఓడలు ఆపేద్దామంటే, ఆగిన ఓడ జలాంతర్గామికి కూర్చున్న బాతు లాంటిది.

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. జర్మను జలాంతర్గాముల్ని తరమటానికి డిస్ట్రాయర్లు, అంటే వేగంగా పోయే చిన్న యుద్ధనౌకలు, ఐర్లండుకి పంపాలి. అట్లాంటిక్ అంతా దాటేంత చమురు చాలావాటికి పట్టదు. అందుకని 'మౌమీ' అనే చమురు ఓడని గ్రీన్లాండుకి దక్షిణంగా, మంచుకొండలు తేలే చలినీళ్ళలో నిలబెట్టారు. అందులో ఒక యువ అధికారి, పేరు చెస్టర్ నిమిట్జ్. యంత్రాల మనిషి. అంతకు ముందు యేడాదే ఆ ఓడ యంత్రం ఎలా పనిచేస్తుందో ఎవరికో చూపిస్తూ వుంటే చేతితొడుగు పళ్ళచక్రంలో చిక్కుకుని ఉంగరపు వేలు కొంత తెగిపోయింది. వేలికున్న ఉంగరం అడ్డుపడి గాని, లేకపోతే చెయ్యే పోయేది.

ఆ నిమిట్జూ తోటివాళ్ళూ కూర్చుని ఆలోచించి, చమురు ఓడనీ డిస్ట్రాయరునీ సుమారు 40 అడుగుల ఎడంలో పక్కపక్కన, లావుపాటి మోకు కట్టి, నెమ్మదిగా నడిపిస్తూనే మధ్యన గొట్టం వేసే పద్ధతి కనిపెట్టారు. 1917 మే 28న మొదటిసారిగా ఆరు డిస్ట్రాయర్లకు అలా చమురు పట్టారు. జూలై మొదటివారానికి ఆ లెక్క 34కి చేరింది. పేరుపొందిన యుద్ధాల పట్టికల్లో ఈ తారీఖు కనబడదు. నన్నడిగితే కనబడవలసినది.

ఇప్పుడు ఈ పని ఎలా జరుగుతుందో చెపితే మీకు ముచ్చటేస్తుంది. రెండు ఓడలు ఒకే దిక్కుకి, ఒకే వేగంతో, గంటకి సుమారు పన్నెండు నుంచి పదిహేను మైళ్ళ వేగంతో పక్కపక్కనే పోతాయి. ముందు తుపాకీతో ఒక సన్నటి దారం అవతలి ఓడమీదికి పేలుస్తారు. ఆ దారానికి కాస్త లావు తాడు, దానికి ఇంకా లావు తాడు, దానికి ఉక్కు మోకు. లంగాకి బొందు ఎక్కించేటప్పుడు పిన్నీసు ముందు దూర్చి, వెనకాల బొందు లాగుతామే, సరిగ్గా అలాగే. ఉక్కు మోకు బిగిసిందంటే అదే దండెం. ఆ దండేనికి గిలకలు, గిలకలకు వేలాడుతూ గొట్టం. ఓడలు దగ్గరికొస్తే దండెం సడలకుండా, దూరం జరిగితే తెగకుండా యంత్రం దాన్ని సరిచేస్తూ వుంటుంది. బియ్యం బస్తాలు, మందుల పెట్టెలు కూడా ఇలాగే దండేనికి వేలాడుతూ వెళ్ళిపోతాయి. ఒక్కొక్కప్పుడు మనుషుల్ని కూడా కుర్చీలో కూర్చోబెట్టి పంపిస్తారు!

చూడటానికి ఆటలాగా వుంటుంది గాని చుక్కాని పట్టినవాడికి చెమటలు పోస్తాయి. రెండు పెద్ద ఓడలు దగ్గరగా నడుస్తూ వుంటే మధ్యలో ఇరుక్కున్న నీళ్ళు వడివడిగా పారి, ఓడల్ని ఒకదాని మీదికి ఒకటి గుంజుతాయి. చుక్కాని కొంచెం తప్పిందా, రెండూ ఢీకొంటాయి. గంటల తరబడి చూపు తిప్పకుండా నిలబడాలి. ప్రమాదం అనిపిస్తే క్షణాల్లో గొట్టాలు విప్పి విడిపోవాలి.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ విద్య విలువ అందరికీ అర్థమైంది. 1941 మేలో 'బిస్మార్క్' అనే మహానౌకని జర్మనీ సముద్రం మీదికి వదిలింది. నార్వే రేవులో ఒకరోజు ఆగి కూడా అది చమురు పట్టుకోలేదు. వెంట వున్న రెండో ఓడ మాత్రం పట్టుకుంది. తరవాత బ్రిటిషువాళ్ళ గుండు తగిలి వున్న చమురులో కొంత వాడుకోవటానికి వీల్లేకుండా పోయింది. వేగం తగ్గించుకుని ఫ్రాన్సు రేవుకి పాకుతూ దొరికిపోయింది, మే 27న మునిగింది. అదే సంవత్సరం డిసెంబరు 7న పెర్ల్ హార్బరు మీద దాడి చేసిన జపాను దళం మాత్రం పసిఫిక్ దారిలో తన చమురు ఓడలనుంచి పట్టుకుంటూనే వచ్చింది. చిత్రమేమిటంటే, అంతా తెలిసినవాళ్ళు కూడా అక్కడి రేవులో గుట్టలుగా వున్న అమెరికా చమురు ట్యాంకుల జోలికి పోలేదు. ఫోటోకెక్కే ఓడల్నే కొట్టారు.

ఆ రోజు ఆ రేవులో, యుద్ధనౌకల వరస మధ్యనే, 'నియోషో' అనే చమురు ఓడ వుంది. బాంబులు పడుతూ వుండగా దాన్ని కెప్టెన్ ఫిలిప్స్ మెల్లిగా వెనక్కి నడిపించి బయటపడేశాడు. ఐదు నెలల తరవాత, 1942 మే 6న, ఆస్ట్రేలియాకి ఈశాన్యంగా కోరల్ సముద్రంలో నియోషో 'యార్క్‌టౌన్' అనే విమానవాహక నౌకకు చమురు పట్టి, 'సిమ్స్' అనే డిస్ట్రాయరుని తోడు తీసుకుని పక్కకు తప్పుకుంది. మర్నాడు పొద్దున జపాను విమానం ఒకటి దాన్ని చూసి విమానవాహక నౌక అని కబురు పంపింది. అంతే, డెబ్భైకి పైగా విమానాలు ఈ రెండు ఓడల మీద విరుచుకుపడ్డాయి. సిమ్స్ మునిగిపోయింది, పదిహేనుమందికి అటూ ఇటూగా మిగిలారు. నియోషో మీద ఏడు బాంబులు పడ్డాయి, ఒక విమానం వచ్చి కూలింది. ఓడ మునగలేదు. అదే సమయంలో అమెరికా విమానాలు 'షోహో' అనే జపాను విమానవాహక నౌకను ముంచేశాయి. అసలైన లక్ష్యాన్ని వదిలి జపాను దళం ఆ పూటంతా పాలకుండ మీద పడ్డదన్నమాట!

ఆ ఓడలో ఆస్కార్ పీటర్సన్ అనే ఆయన ఆవిరి బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. తోటివాళ్ళు గాయపడి పడిపోతే, తను కూడా గాయాలతోనే వెళ్ళి, సలసల కాగే ఆవిరి గొట్టాల కవాటాలు నాలుగూ చేత్తో మూసేశాడు. ఒళ్ళంతా కాలిపోయింది. కొద్దిరోజులకే చనిపోయాడు. అమెరికావాళ్ళ అతిపెద్ద సాహస పతకం ఆయన పేర ప్రకటించారు. అయితే ఆయన కుటుంబానికి సభ పెట్టి లాంఛనంగా ఆ పతకం అందించినది 2010లో. అరవై ఎనిమిదేళ్ళు! నిప్పు దగ్గర పనిచేసేవాళ్ళకు గౌరవం అందటానికి అంతకాలం పడుతుంది కాబోలు.

దెబ్బతిన్న నియోషో నాలుగు రోజులు అలా కొట్టుకుపోయింది. తామెక్కడ వున్నదీ తప్పు లెక్కవేసి కబురు పంపటంతో వెతికేవాళ్ళకు దొరకలేదు. మే 11న 'హెన్లీ' అనే ఓడ వచ్చి 123 మందిని ఎక్కించుకుంది. మొదటిరోజు కంగారులో తెప్పల మీద దిగిపోయినవాళ్ళు అరవై ఎనిమిదిమంది. వాళ్ళలో తరవాత దొరికినవాళ్ళు నలుగురే.

నిండుకుండ తొణకదని మనవాళ్ళు అంటారు. సముద్రం మీద అది అక్షరాలా నిజం. 1944 డిసెంబరు 17న ఫిలిప్పీన్సుకి తూర్పున అడ్మిరల్ హాల్సీ నౌకాదళం చమురు పట్టుకోవటానికి ఆగింది. గాలి ముదురుతోంది, గొట్టాలు పుటుక్కున తెగిపోతున్నాయి. 'స్పెన్స్' అనే డిస్ట్రాయరులో చమురు అడుగంటింది. అది పెద్ద యుద్ధనౌక పక్కన చేరి ప్రయత్నించినా గొట్టం నిలవలేదు. ఖాళీ ట్యాంకుల్లో ఉప్పునీళ్ళు నింపితే ఓడకు నిలకడ వస్తుంది. తీరా చమురు దొరికితే పట్టేచోటు వుండదేమోనని అలాంటి ఓడల కెప్టెన్లు వెనకాడారు. మర్నాడు తుపాను మధ్యలోకి వెళ్ళిపోయారు. స్పెన్స్, హల్, మొనాఘన్ అనే మూడు డిస్ట్రాయర్లు తిరగబడి మునిగాయి. మొత్తం సుమారు 790 మంది పోయారు. మొనాఘన్‌లో బతికినవాళ్ళు ఆరుగురు. శత్రువు ఒక్క గుండు కూడా పేల్చలేదు. అప్పటికి పసిఫిక్ నౌకాదళానికంతటికీ అధిపతి ఎవరనుకున్నారు? మౌమీ మీద వేలు పోగొట్టుకున్న ఆ నిమిట్జే. వాతావరణం సూచనలు చూసుకోకుండా, ఆజ్ఞల కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దని కెప్టెన్లందరికీ 1945 ఫిబ్రవరిలో పెద్ద ఉత్తరం రాశాడు.

ఇక మన సంగతి. 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేసిన సంగతి మీకు తెలుసు. ఏటా ఆ రోజునే నౌకాదళ దినోత్సవం జరుపుతారు. ఆ పడవలు చిన్నవి, సొంత చమురుతో ఎక్కువదూరం పోలేవు. అందుకే వాటి దళంలో ఒక చమురు ఓడని కూడా చేర్చారు. దాని పేరు 'పోషక్'. ఎవరు పెట్టారో గాని పేరు పెట్టడమంటే అదీ! తరవాత వచ్చినవాటికి కూడా దీపక్, శక్తి, జ్యోతి, ఆదిత్య అని వెలుగూ బలమూ కలిసొచ్చే పేర్లే పెట్టారు. ఇప్పటి 'శక్తి'ని ఇటలీలో కట్టించి 2011లో నౌకాదళంలో చేర్చారు. అది మన విశాఖపట్నం తూర్పు నౌకాదళంతో పనిచేస్తుంది.

ఇలాంటివి ఐదు ఓడలు కట్టే పనిని 2023 ఆగస్టులో విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డుకి అప్పగించారు. ఒక్కొక్కటి 44 వేల టన్నులు. సుమారు 19 వేల కోట్ల రూపాయల పని. 2024 ఏప్రిల్‌లో మొదటి ఓడకి ఉక్కు కోశారు. ఈసారి విశాఖ వెళ్ళి పిల్లల్ని బీచి రోడ్డు మీద తిప్పేటప్పుడు, సముద్రం మీద కనబడే ఓడల్ని కాస్త పరకాయించి చూడండి. పెద్ద ఫిరంగులు లేకుండా, నడిమి భాగంలో బట్టలారేసే పందిరి గుంజల్లాగా ఎత్తయిన స్తంభాలూ, వాటికి గిలకలూ, నల్లటి గొట్టాలూ వేలాడుతూ కనబడితే, అది వడ్డించే ఓడ. దానికి అటూ ఇటూ ఏకకాలంలో రెండు యుద్ధనౌకలు చేరవచ్చు, ఆ గుంజలు రెండుపక్కలా వుండటం అందుకే.