ఆసుపత్రి భయానికి కొలబద్ద

ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరుకు దాదాపు 100 కిలోమీటర్లు. కేసు చెయ్యి దాటేట్టుందంటే ఇక్కడి ఆసుపత్రుల్లో ‘నెల్లూరుకు రాసేస్తారు’. చీటీ చేతికొచ్చిందో లేదో, ఇంటివాళ్లకు జబ్బుకన్నా ముందు దారి భయం పట్టుకుంటుంది. ఇలాంటి భయాన్ని కొలవాలన్న ఆలోచన వైద్యంలో ఆలస్యంగానే పుట్టింది.

వైద్యం నాణ్యతను దేన్ని బట్టి అంచనా వెయ్యాలో అమెరికాలో డోనబేడియన్ అనే పరిశోధకుడు 1966లో ఒక వ్యాసంలో చర్చించాడు. రోగినే అడిగే పద్ధతి ఆ తర్వాత ఊపందుకుంది. అక్కడి ప్రభుత్వం 2008 నుంచి ఆసుపత్రివారీగా రోగుల జవాబులను బయటపెడుతోంది. బెల్ నొక్కితే వెంటనే సాయం అందిందా అన్నది మొదట్లో అందులో ఒక ప్రశ్న.

మన వార్డుల్లో బెల్ పని చేసేది తోడొచ్చిన మనిషే. మంచం పక్కన చాపేసుకుని, సెలైన్ సీసా అడుగంటుతుంటే ‘సిస్టర్! సిస్టర్!’ అంటూ వరండాలోకి పరుగెత్తేది ఆ అమ్మో, అత్తో. ఆ మనిషి కునుకు తీస్తే? ఈ ప్రశ్న ఏ ఫారంలో పెట్టాలి!

తెలుగునాట జిల్లా, ఏరియా ఆసుపత్రుల కోసం 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్ వచ్చింది. ఆ పరిషత్ కిందున్న 25 ఆసుపత్రుల్లో ప్రశాంత మహాపాత్ర బృందం 1179 మందిని అడిగి చూసింది. 2001లో అచ్చయిన ఆ ఫలితాల్లో సంతృప్తి సుమారు 65 శాతం. అసంతృప్తికి మొదటి కారణం లంచం. నీళ్లు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు, సిబ్బంది మాటతీరు ఆ తర్వాతే. సర్వే పేరు సంతృప్తిదే అయినా, చెయ్యి తడపందే స్ట్రెచర్ కదలదేమో అనుకునే రోగికి గుండె దిటవు ఎక్కడిది?

నిజానికి సంతృప్తి వేరు, నిశ్చింత వేరు. ఆసుపత్రిలో నిశ్చింత అంటే ఏమిటో విడదీసి చూసిన పరిశోధకురాలు మోలన్. నమ్మకం, ఆదరణ, పక్కన ఒకరుండటం, ఏం జరుగుతోందో తెలియడం: 2014లో ఆమె తేల్చిన నాలుగు లక్షణాలివి.

రోగుల అభిప్రాయం అడిగేందుకు కేంద్రం 2016లో ‘మేరా అస్పతాల్’ తెచ్చింది. ఇంటికెళ్లాక ఫోనుకు సందేశమో కాలో వస్తుంది. మంచం మీదుండగా అడిగితే ‘బాగానే చూస్తున్నారయ్యా’ తప్ప వేరే మాట రాదు కనుక ఈ పద్ధతి మేలే. అసంతృప్తికి కారణాలుగా సిబ్బంది తీరు, శుభ్రత, ఖర్చు, వైద్యం నాణ్యత అందులో ఉన్నాయి. భయం మాత్రం ‘ఇతరాలు’లో ఇరుక్కోవాల్సిందే.