అగ్గిపెట్టె పక్కనున్న పట్టీ

గ్యాస్ లైటర్లొచ్చాక మన ఇళ్ళల్లో అగ్గిపెట్టె దేవుడి గూట్లోకి చేరింది. ఈసారి దీపం పెట్టేటప్పుడు పెట్టె పక్కనున్న గరుకు పట్టీని ఓసారి చూడండి. దాని వెనక ఎంతమంది ఆడపిల్లల ఉసురుందో తలుచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఎక్కడ గీసినా భగ్గుమనే పుల్లల్ని తెల్ల భాస్వరంతో చేసేవారు. చవక, సులువు. కాని ఆ ఆవిరి ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి పంటినొప్పితో మొదలై చివరికి దవడ ఎముకే కుళ్ళిపోయేది.

మరి విరుగుడేమిటయ్యా అంటే, చేతులు కడుక్కోండి, పళ్ళు చూపించుకోండి, కిటికీలు తెరవండి అన్నారు! లండన్‌లో బ్రయంట్ అండ్ మే కంపెనీ పిల్లలు పనిచేసే చోటే తిండి కూడా తినాల్సొచ్చేది. 1888 జూన్‌లో వాళ్ళ అవస్థల్ని అనీబిసెంట్ పత్రికలో రాశారు. తర్వాత మన మదనపల్లెలో కాలేజీ పెట్టిన ఆవిడే. జూలైలో సుమారు 1400 మంది పని మానేసి, నెగ్గారు. జరిమానాలు పోయాయి, భోజనానికి వేరే గది ఒప్పుకున్నారు. సంతోషమే. కాని భాస్వరం ఎక్కడికి పోయిందీ? అక్కడే ఉంది.

విచిత్రమేమిటంటే, హాని లేని ఎర్ర భాస్వరాన్ని పెట్టె పక్కన పట్టీగా పూసే పద్ధతి స్వీడన్‌లో 1850ల నాటికే ఉంది. కాస్త ఖరీదు, అంతే! ఫిన్లండ్ 1872లో, డెన్మార్క్ 1874లో తెల్ల భాస్వరాన్ని నిషేధించాయి. 1906లో బెర్న్‌లో కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. బ్రిటన్ 1908లో చట్టం చేసింది, మన దేశంలో 1913లో వచ్చింది. విషం పోయింది, దాంతోపాటే ఆ రోగమూ పోయింది.

ఇప్పుడు ఫ్యాక్టరీల భద్రత చూసేవాళ్ళు చెప్పే వరస కూడా ఇదే. ముందు ప్రమాదాన్నే తీసెయ్యగలమా? లేకపోతే దాని బదులు ఇంకోటి వాడగలమా? అదీ కుదరకపోతే పొగని లాగేసే గొట్టాలో, అడ్డుగోడలో పెట్టాలి. ఆ తర్వాతే శిక్షణా, నియమాలూ. ముసుగులూ చేతితొడుగులూ అన్నిటికన్నా ఆఖరు. ఎందుకంటారా? మనిషన్నాక అలిసిపోతుంది, మరిచిపోతుంది. అక్కడ లేని విషం మాత్రం ఎవర్నీ ఏమీ చెయ్యలేదు.

మనవాళ్ళెందరో ఇవాళ మందుల కంపెనీల్లో, బట్టల మిల్లుల్లో పనిచేస్తున్నారు. ఎవరికైనా దెబ్బ తగిలిందని వింటే, "జాగ్రత్తగా ఉండొద్దూ!" అని నోటిదాకా వస్తుంది. ఆ మాట కాస్త ఆపి, "ఆ ప్రమాదాన్ని అక్కడ ఎందుకు ఉంచారు?" అని అడుగుదాం.