కంచికి వెళ్ళిన ఆయుధముల కథ

కథ ముగిసినప్పుడు మన ఇండ్లలో పెద్దలు "కథ కంచికి, మనము ఇంటికి" అందురు. నిజముగా కంచికి వెళ్ళిన కథ యొకటి కలదు. అది బయలుదేరిన చోటు ధర్మపురి ప్రాంతము. బెంగుళూరునుండి సేలమునకు పోవువారు ధర్మపురి దాటిన పిమ్మట సుమారు 7 కిలోమీటర్ల దూరమున అదియమాన్‌కోట్టై అను గ్రామమును చూతురు. కోట్టై అనగా కోటయే. పేరులో నున్నంత కోట ఇప్పుడు నేలమీద కనబడదు. చెన్రాయ పెరుమాళ్ కోవెల మాత్రము ఉన్నది. దాని లోకప్పున రామాయణ భారత కథల చిత్తరువులున్నవి. కాని ఆ ఊరిపేరులో నిలిచిన అదియమాను ఆ కోవెలకంటె వెయ్యేండ్లకు పైగా పాతవాడు.

మనవారికి ఆ సీమ పరాయిది కాదు. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు వైపుల తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. 1792లో ఈ బారామహలు టిప్పుసుల్తాను చేతినుండి ఇంగ్లీషువారికి వచ్చినప్పుడు రీడు దొర క్రింద ఇక్కడ పని నేర్చిన థామస్ మన్రోయే 1800లో మన దత్తమండలములకు కలెక్టరై వచ్చినవాడు. అది వేరు కథ.

ధర్మపురికి పూర్వనామము తగడూరు. అది రాజధానిగా అదియమాన్ నెడుమాన్ అంజి యను నాయకుడు ఏలెను. చేర చోళ పాండ్యులవలె గొప్ప రాజ్యము కాదు అతనిది. కొండలనడుమ చిన్న సీమ. ఔవయ్యారు అను కవయిత్రి అతని ఆప్తురాలు. (నీతిసూక్తులు వ్రాసిన ఔవయ్యారు చాలా కాలము తరువాతి మరియొకరు.) దొరకుట దుర్లభమైన ఉసిరికాయను అతడు తాను తినక ఆమెకు ఇచ్చిన కథ తమిళదేశమున పిల్లలకు కూడ తెలియును. ఉసిరికాయ కథకు వచ్చిన ప్రసిద్ధి ఆయుధముల కథకు రాలేదు. నాకు మాత్రము రెండవదే ఎక్కువ ఇష్టము.

కాంచీపురము నేలిన తొండమానునకు అంజితో వైరము వచ్చెను. తొండమాను అను పేరు మన చెవులకు కొత్త కాదు. తిరుపతి స్థలపురాణములో తొండమాన్ చక్రవర్తిని ఎరుగనివారెవరు? కంచి దొర తన బలము చూపదలచి, అంజి పక్షమున దూతగా వచ్చిన ఔవయ్యారును ఆయుధశాలలోనికి తీసికొనిపోయెను. కావలి కట్టుదిట్టముగా ఉన్న విశాలమైన మందిరము. వరుసలు తీర్చిన ఈటెలు. వానికి నెమలిపింఛములు చుట్టి, పూలదండలు వేసి, కాడలు నున్నగా దిద్ది, నేయి పూసి ఉంచినారు. ఒక్కదానికి గీత లేదు.

ఆమె చూచి పలికిన పలుకులు పుఱనానూఱు అను సంగ్రహములో 95వ పద్యముగా నిలిచినవి. భావము మాత్రము చెప్పుదును. మీ ఆయుధములు ఎంత అందముగా అలంకరింపబడి ఉన్నవి! మా రాజువో, శత్రువులను పొడిచి మొనలు విరిగి, ఎప్పుడు చూచినను కమ్మరి చిన్నకొట్టములోనే పడియుండును. మా రాజా, కలిగిననాడు నలుగురికి పెట్టును, లేనినాడు ఉన్నది నలుగురితో పంచుకొని తినును.

మన ఆలంకారికులు దీనిని వ్యాజస్తుతి అందురు. పైకి కంచి దొరను పొగడి తన దొరను చిన్నబుచ్చినట్లున్నది. లోపల దెబ్బ తొండమానుకే. నెమలిపింఛము కట్టిన ఈటె నెవరూ చేతపట్టలేదని దానికి పట్టిన నేయియే చెప్పుచున్నది. విరిగిన మొన ఎక్కడికి పోయి వచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు. మనము "మొక్కవోని ధైర్యము" అని మెచ్చుకొందుము. పదును చెడక నిలిచినదే గొప్ప అని మన మాట భావము. ఔవయ్యారు మొక్కవోయిన ఇనుమునే పట్టి ధైర్యమునకు సాక్ష్యము చూపెను.

కమ్మరికొట్టపు మాట ఆమె ఊరక తెచ్చినది కాదు. కత్తి గాని ఈటె గాని వాడుకలో నున్నంతకాలము కొలిమికి పోక తప్పదు. గట్టి ఉక్కు పదును చక్కగా నిలుపును గాని ఎముకకో రాతికో తగిలిన అంచున పెళుకు ఊడును. మెత్తని ఇనుము వంగును. వంగినదానిని కాల్చి సమ్మెటతో సరిచేయవలెను, పెళుకు ఊడినదానిని సానమీద అరగదీయవలెను. అరగదీసిన ప్రతిసారి ఆయుధము కొంత తగ్గును. అనగా వాడుట యనునది ఆయుధమును కొంచెము కొంచెముగా ఖర్చుపెట్టుటయే. దాచువాడు ఆ ఖర్చుకు ఒప్పుకొనడు. అతని శత్రువు తుప్పు ఒక్కటే. గాలి, తడి సోకకుండ నేయి పూసినచో సగము బాధ తీరును. నేయి పూయుట తెలివితక్కువ పని అని ఔవయ్యారు కూడ అనలేదు సుమా!

ఇచట చరిత్ర మనలను తొందరపడనీయదు. మొన విరిగిన ఈటెల రాజు తుదకు గెలిచెనా? లేదు. చేరరాజు పెరుంజేరల్ ఇరుంపొఱై తగడూరును ముట్టడించి కూల్చెను. ఆ యుద్ధముపై తగడూర్ యాత్తిరై అను కావ్యమే పుట్టినది. అందులో కొన్ని పద్యములు తప్ప తక్కినది కాలగర్భమున కలసెను. అంజి వాడిన ఈటె ఇదీ అని చూపుటకు నేడు ఒక్కటియు లేదు. నేయి పూసిన కంచి ఈటెలును లేవు. ఇనుము విషయమున కాలము ఇద్దరికీ ఒకే తీర్పు చెప్పినది.

అంజి పేరు మిగిలినది రాతిమీద. 1981లో తిరుక్కోయిలూరు దగ్గరి జంబై గ్రామపు గుహలో ప్రాచీన బ్రాహ్మీలిపి శాసనము బయటపడెను. సతియపుత్రుడైన అదియన్ నెడుమాన్ అంజి ఈ గుహావాసమును దానమిచ్చెనని దాని తాత్పర్యము. దీనితో మనకొక సంబంధము కలదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుని ధర్మశాసనములు ఉన్నవి. వానిలో రెండవదానియందు చోళ, పాండ్య, కేరళపుత్రులతోపాటు సతియపుత్రుడు పేర్కొనబడెను. ఈ సతియపుత్రుడెవరని పండితులు చిరకాలము వాదులాడిరి. తగడూరు దొరల వంశమే అని జంబై శాసనము తేల్చినది. మన ఎర్రగుడి బండ అడిగిన ప్రశ్నకు తమిళదేశపు గుహ బదులు చెప్పినదన్నమాట. యుద్ధము చేసిన చేయి సన్యాసులకు ఇచ్చిన పడకరాయి మిగిలెను, ఆయుధము మిగులలేదు.

పద్యము మిగిలిన విధము మరియు విచిత్రము. తాటాకును దాచిపెట్టిన పురుగు తినును. చదివి, నూనె పట్టించి, శిథిలమైనప్పుడు మరల వ్రాసిననే బ్రదుకును. అట్లు చేతులు మారుచు వచ్చిన ప్రతులను వెదకి ఉ. వే. స్వామినాథయ్యరుగారు 1894లో పుఱనానూఱును అచ్చువేసిరి. వాడుకలో నున్న ఆకే దాగియున్నది.

ఇక మన తెలుగునాటి సంగతి. నిజామాబాదు జిల్లా కోనసముద్రము ఒకప్పుడు ఉక్కుకు పేరుమోసిన ఊరు. మట్టిమూసలో ఇనుమును ఆకులలములతో మూసి, ఏకధాటిగా కాల్చి, మెల్లగా చల్లార్చి ముద్దలు తీసెడివారు. వాయిసీ అను దొర అక్కడికి పోయి చూచి వ్రాసినది 1832లో అచ్చయినది. ఉక్కు కొనుటకు ఇస్ఫహానునుండి వచ్చిన వర్తకుని ఆయన అక్కడనే కలిసికొనెను. ఆ ముద్దలు పారశీకమునకు పోయి, నీటి అలలవంటి చారలుగల కత్తులయ్యెను. మన "ఉక్కు" మాటయే పాశ్చాత్యుల నోట "వుట్జ్" అయినదని పలువురి మతము. అట్టి కత్తులు ఇప్పుడు దేశదేశముల ప్రదర్శనశాలలలో అద్దముల వెనుక ఉన్నవి. వానిని సానపట్టరాదు, పట్టినచో ఆ చారలే చెరగును.

హైదరాబాదులో 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ప్రారంభించిన సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో నూర్జహాను పండ్లు కోసుకొనిన చాకుగా పేరుపొందిన చిన్న కత్తి యొకటి ఉన్నది. రత్నాలు పొదిగిన పిడి. నేను దానిముందు చాలాసేపు నిలుచుంటిని. కిరీటములకన్న అది నన్ను ఎక్కువ ఆకర్షించెను, పండు కోసినది గనుక. అట్లని దానిని బయటికి తీసి జామపండు కోయుమని ఎవరనగలరు? సాలార్‌జంగు వంటివారు కూడబెట్టనిచో అది ఎన్నడో కరిగి మరియొక చాకు అయ్యెడిది. తొండమాను తప్పు దాచుటలో లేదనియే నా తలంపు. దాచినదానిని బలమని చూపించుటలో ఉన్నది.

మా ఇంట కూడ ఈ తగవు ఉన్నది. మా తాతగారి మచ్చుకత్తి వలస వచ్చినప్పుడు పెట్టెలో వచ్చినది. మా అన్నగారు దానికి వార్నీషు పూసి అద్దాలబీరువాలో పెట్టినారు, పిల్లలను తాకనీయరు. అదే పెట్టెలో వచ్చిన మా అమ్మ కత్తిపీట వంటింటిలో ఉన్నది. దాని అలుగు నూరి నూరి సగమైనది. ఊరిలో సానవాడు సైకిలుమీద వచ్చుట అరుదై, అది పదును పోయి నెలలు గడచెను. దానిని కూడ బీరువాలో పెట్టుదమని అన్నగారు ఈమధ్య అనిరి. అమ్మ మాటాడలేదు. కత్తిపీటను గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, సంతలో కమ్మరి ఎవడైన దొరకునేమో చూడుమన్నది. రెండు సంతలు తిరిగితిని. దొరికినాడు. ఈ ఉగాది పచ్చడికి మామిడికాయ దానిమీదనే తరిగినది.