గూడును కూడును



మా సైదాబాదున సర్కారు బడి పిల్లలను చూచినప్పుడెల్ల నాకొక పాతముచ్చట జ్ఞప్తికి వచ్చును. నిజాము రాజ్యమున ఉన్నత పాఠశాలలు మిక్కిలి అరుదు. పల్లె బాలుడు చదువుకై హైదరాబాదు చేరినను, తలదాచుకొన చోటును పట్టెడన్నమును దొరకనిచో ఇంటికి మరలవలసినదే. ఈ కొరత గనియే రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. సంస్థానాధీశులును భూస్వాములును విరాళములిచ్చిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు ఏండ్లకొలది దాని బాగోగులు చూచిరి. అచ్చట నిలిచి చదివిన పల్లెబిడ్డ లెందరో పెద్దలైరి.

ఆ దానము ఒక కులము పేర మొదలైనది. నేటి సర్కారు బడిలో అన్ని కులముల బిడ్డలు నొకే వరుసన కూర్చుందురు. కావున పలకయో, పుస్తకమో, పూట కూడో మీరిచ్చునప్పుడు ఎవరి బిడ్డయని అడుగకుడు. ఇదియే నా మనవి.